మోక్షగుండంవారి నీటి లెక్క

ఇంటిపేరు వినగానే అది ఏ ఊరి పేరా అని ఆలోచించటం మన తెలుగువారికి అలవాటు. పొరుగు రాష్ట్రాలలో మూడు నాలుగు తరాలుగా కాపురాలు చేస్తూ, పిల్లల చదువులు కన్నడంలోనో మరాఠీలోనో జరుపుకుంటున్న మనబోంట్లకు ఆ అలవాటు మరికాస్త హెచ్చు. పొలాలూ ఇళ్లూ ఎన్నడో చేతులు మారినా వెనుకటి ఊరు ఇంటిపేరులో మిగిలే ఉన్నది గదా! అట్టి ఇంటిపేర్లలో దేశమంతటా మారుమోగినది మోక్షగుండం. ఆ పేరుగల గ్రామం కంభానికి దగ్గరలో, బేస్తవారిపేట ప్రాంతంలో ఉన్నది. అక్కడినుండి ఒకనాడు మైసూరు సీమకు తరలివచ్చిన తెలుగు కుటుంబంలో పుట్టినవారు భారతరత్న మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు. కన్నడిగులు ఆయనను తమవారంటారు, అది న్యాయమే. మనమూ మనవారంటాము, అదీ న్యాయమే. వలసవచ్చినవారి బిడ్డకు రెండు పుట్టిళ్లుంటవి.

ఆయన పేరు చెబితే అందరికీ కన్నంబాడి ఆనకట్టా, బృందావనం తోటా, మైసూరు తలపాగా, గడియారం తప్పని దినచర్యా గుర్తుకు వస్తవి. (ఆ తోట నిజానికి తరువాతి దివాను మీర్జా ఇస్మాయిల్‌గారు వేయించినది.) ఏటా సెప్టెంబరు 15వ తేదీన ఇంజనీర్ల దినమని సభలు జరిపి ఈ సంగతులే చెప్పుకుంటాము. ఈ ఉగాది సంచికకు మేము ఎంచుకున్నది ఆయన జీవితంలోని మరొక భాగం. రెండెకరాల రైతుకు నీరు ఏ దారిన అందాలి, ఎంత అందాలి, ఎవరి చేతిమీదుగా అందాలి అనే చిక్కుతో ఆయన పడిన పెనుగులాట అది. ఆయన కట్టించిన రాతికట్టడాలు నిలిచి ఉన్నవి. ఈ చిక్కు మాత్రం నేటికీ పూర్తిగా విడలేదు.

విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్లి చిక్కబళ్లాపురం తాలూకాలోనిది. పుట్టిన సంవత్సరం 1861 అని కొందరు, 1860 అని కొందరు వ్రాస్తారు. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. తల్లి వెంకటలక్ష్మమ్మగారు. ఊరికి ఎదురుగా నంది కొండలు. ఆ కొండల పరిసరాలలోనే మన పెన్న పుడుతుంది, పాలారు పుడుతుంది. నదులు పుట్టే చోట నీరు సమృద్ధిగా ఉంటుందని దూరాన ఉన్నవారు అనుకుంటారు. ఆ సీమవారికి తెలుసు సంగతి. పుట్టినచోట నది అంటే వాన కురిసిన నాలుగు రోజులు పారే వాగు మాత్రమే. సాలుకు సుమారు ముప్పై అంగుళాల వాన, అదీ రెండు మూడు నెలలలో. కనుక చిక్కబళ్లాపురం, కోలారు సీమల బ్రతుకంతా చెరువుల మీద, బావుల మీద నిలిచినది.

ఆ పాత పద్ధతులను గూర్చి కొంచెం నిదానించి చెప్పాలి. ఎందుకంటే విశ్వేశ్వరయ్యగారు చిన్ననాట కళ్లారా చూసినవి ఇవే. ఒక చెరువు మరవ పారితే ఆ నీరు క్రింది చెరువుకు, అక్కడినుండి మరొకదానికి పోయే గొలుసుకట్టు చెరువులు ఆ సీమలో ఊరికొకటి. తూము తెరిచి, మడిమడికీ వంతు తప్పకుండా నీరు కట్టేవాడు నీరుగంటి. అతనికి జీతం లేదు. కళ్లంలో కొలిచి ఇచ్చే గింజలే అతని రాబడి. చెరువు నీటికి రైతు రొక్కం పెట్టనక్కరలేదు, ఎద్దులను అలసట పెట్టనక్కరలేదు. అది దాని మేలు. అయితే చెరువు నిండితేనే ఆ మేలు. నిండని ఏడు ఆయకట్టంతా ఒక్కసారే ఎండుతుంది. నిండిన ఏడైనా కట్టక్రింది మడికి దక్కినంత నీరు చివరి మడికి దక్కదు. పైగా చెరువు ఊరందరిది కనుక పూడిక తీయటం కూడా ఊరందరూ కలిసి చేయవలసిన పని. ఒక ఏడు వాయిదా పడిన పని పదేళ్లు వాయిదా పడుతుంది.

బావి సంగతి వేరు. బావి ఒకరిది, లేదా నలుగురు అన్నదమ్ములది. చెరువు ఎండిన తరువాత కూడా కొన్ని నెలలు ఊరుతుంది. కాని నీరు పైకి రావాలి. లోతు తక్కువైతే ఏతం చాలు. ఒకరో ఇద్దరో మనుషులు తొక్కి తోడుతారు, ఖర్చు స్వల్పం, ఒళ్లు మాత్రం హూనమవుతుంది. లోతు ఎక్కువైతే కపిలి కావాలి. తోలుతొండం, మోకు, గిలక, జత ఎద్దులు, వాటిని తోలే మనిషి, మడి దగ్గర నీరు మళ్లించే మరొక మనిషి. తెల్లవారుజాము మొదలు పొద్దెక్కేదాకా తోలినా ఒక జత ఎద్దులతో రెండు మూడు ఎకరాల తోటకు మించి తడపటం కష్టం. ఆ ఎద్దులు ఏడాది పొడుగునా మేత తినాలి. కనుక బావి క్రింద రైతు ప్రతి చుక్కనూ లెక్కించి వాడతాడు. చిన్న చిన్న మడులు కట్టుకుని కూరలో, ఆకుతోటో, రాగిపైరో పెడతాడు. నీరు కష్టపడి వస్తే వృథా పోదు, అయితే ఆ కష్టమే రైతును ఎదగనివ్వదు. చెరువుకూ బావికీ ఉన్న ఈ తేడాను పాఠకులు గుర్తుంచుకోవాలని మా మనవి.

విశ్వేశ్వరయ్యగారికి పదిహేనేళ్లు నిండేలోపలే తండ్రి పోయారు. బెంగుళూరులో మేనమామగారి ప్రాపున, పిల్లలకు ప్రైవేటు చెప్పి సంపాదించుకుంటూ చదివారు. ఆ చదువు రోజులలోనే 1876–78 నాటి ఘోరమైన కరవు దక్షిణదేశాన్ని తుడిచిపెట్టింది. ఒక్క మైసూరు సంస్థానంలోనే లక్షలాది జనం నశించారు. 1881లో బి.ఎ. పూర్తిచేసి, సంస్థానపు విద్యార్థివేతనంతో పుణే సైన్సు కాలేజీలో ఇంజనీరింగు చదివి 1883లో ప్రథముడిగా నెగ్గారు. మరుసటి యేడు బొంబాయి ప్రభుత్వపు పబ్లిక్ వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. ఇక్కడినుండే మన కథకు పట్టు దొరుకుతుంది.

ఉద్యోగపు తొలి రోజులలో ఆయనను వేసినది నాసిక్, ఖాందేశ్ జిల్లాలలో. ధులే ప్రాంతంలో పాంఝరా అనే నది ఉన్నది. ఆ నదికి అడ్డంగా ఒక గొట్టపు సైఫను వేసి, ఇవతలి కాలవ నీటిని అవతలికి దాటించే పని ఆయనకు అప్పగించారు. వానాకాలంలో ఇసుకా వరదా పెట్టిన బాధలన్నీ పడి దానిని పూర్తిచేశారు. చిన్న పనే. కాని ఆ పాంఝరా లోయలో చూడదగినది సైఫను కంటె మరొకటి ఉన్నది. అది అక్కడి రైతులు తరతరాలుగా నడుపుకుంటున్న ఫడ్ పద్ధతి.

ఫడ్ అంటే ఏమిటో మహారాష్ట్రలోని మన సోదరులలో కూడా చాలమందికి తెలియకపోవచ్చు. నదికి అడ్డంగా రాళ్లతో ఒక చిన్న బంధారా కడతారు. దాని ప్రక్కనుండి కాలవ తీస్తారు. ఆ కాలవ క్రింది భూమినంతా మూడో నాలుగో పెద్ద ముక్కలుగా విభజిస్తారు. ఆ ముక్కే ఫడ్. ఒక్కొక్క ఫడ్‌లో అందరూ ఒకే పైరు పెట్టాలి. ఈ ఏడు ఈ ఫడ్‌లో చెరకు అయితే పక్క ఫడ్‌లో గోధుమో జొన్నో, మరొక దానికి విశ్రాంతి. మరుసటి యేడు వరస మారుతుంది. ప్రతి రైతుకూ ఇంచుమించు ప్రతి ఫడ్‌లోనూ తలా కాస్త భూమి ఉంటుంది కనుక చెరకు లాభం ఒకరికీ జొన్న నష్టం ఒకరికీ కాక అందరికీ అన్నీ దక్కుతవి. నీరు పారించే పాట్‌కరీ, పైరు కాపలా కాసే జాగల్యా, వారిపైన హవల్దారు, వీరందరూ రైతులు పెట్టుకున్న మనుషులే. వారికి ఇచ్చేది పంటలో భాగం. ఒకేచోట ఒకే పైరు గనుక అందరికీ నీరు ఒకేసారి కావాలి, ఒకేసారి చాలు. కాలవ పొడుగునా నీరు ఇంకిపోయే వృథా తగ్గుతుంది. నదిలో నీరు తక్కువైన ఏడు ఏ ఫడ్‌కు ఇవ్వాలో, దేనికి మానాలో రైతులే కూర్చుని నిర్ణయిస్తారు. ఇందులో కోల్పోయేది ఒక్కటే, తన పొలంలో తనకిష్టమైన పైరు పెట్టుకునే స్వేచ్ఛ. తక్కువ నీటి సీమలో ఆ బేరం గిట్టుతుందని ఆ రైతులు ఎన్నడో తేల్చుకున్నారు.

ఇరవై మూడేళ్ల ఇంజనీరుగా విశ్వేశ్వరయ్యగారు తిరిగిన నేల ఇది. పదిహేనేళ్ల తరువాత ఆయన పుణేలో చెప్పిన పద్ధతికీ దీనికీ ఉన్న పోలిక ఎవరికైనా కనబడుతుంది.

నడుమ ఆయన సింధులో సుక్కూరు పట్టణానికి మంచినీరు తెచ్చారు, సూరత్‌లో పనిచేశారు. 1899 నాటికి పుణే నీటిపారుదల అధికారిగా వచ్చారు. అక్కడి ఖడక్‌వాస్లా చెరువులో, వరదనీరు దానంతట అదే తోసుకుని తెరుచుకునే, వరద తగ్గగానే దానంతట అదే మూసుకునే తలుపులను తాను రూపొందించి పెట్టించారు. ఆనకట్ట ఎత్తు పెంచకుండానే దాదాపు ఎనిమిది అడుగుల నీరు అదనంగా నిలిచింది. తలుపులకు పేటెంటు వచ్చింది, పేరూ వచ్చింది. అయితే నీటిని నిలవచేయటం ఇంజనీరుకు తెలిసిన పని. నిలవచేసిన నీటిని పంచటంలోనే తిప్పలు మొదలైనవి.

దక్కన్‌లోని కాలవలు చాలావరకు కరవు భయంతో త్రవ్వించినవి. భాట్‌ఘర్ జలాశయం నుండి బారామతి వైపు పోయే నీరా ఎడమ కాలవ 1885లో పారింది. వాన తప్పితే వేలాది చిన్న రైతుల జొన్నచేలను కాపాడటం దాని ఉద్దేశం. జరిగినది వేరు. నల్లరేగడి భూమికి మంచి వాన పడిన ఏడు రైతుకు కాలవ నీరు అక్కరలేదు, డబ్బిచ్చి కొనడు. వాన తప్పిన ఏడు అందరూ ఒక్కసారే చేయి చాపుతారు. అందరికీ చాలేంత నీరు కాలవలో ఉండదు. ఏడాది పొడుగునా నీరు కొనేవాడు ఒక్కడే, చెరకు రైతు. అతనిది కాలవ మొదట్లో మంచి భూమి, చేతిలో పెట్టుబడి. ప్రభుత్వానికి కూడా అతని నీటితీరువ మీదనే ఆశ. జొన్నకు మూడు నాలుగు తడులు చాలును. చెరకు పన్నెండు నెలలు, వారం పదిరోజులకొకసారి నీరడుగుతుంది. కనుక ఒక ఎకరం చెరకు త్రాగే నీటితో ఎన్నో ఎకరాల జొన్న గట్టెక్కవచ్చు. రైతు మాత్రం ఏం చేస్తాడు? చెరకులో డబ్బున్నది, జొన్నలో తిండి మాత్రమే ఉన్నది. చెరకు ఒకేచోట దట్టమై, నీరు నేలలో నిలిచి, పల్లపు భూములు చవుడెక్కినవి. కరవు మాపటానికి త్రవ్విన కాలవ కొందరికి బెల్లం వండిపెట్టింది, చివరి ఊళ్లకు ఎండుకాలవ మిగిల్చింది.

1901లో సర్ కాలిన్ స్కాట్ మాంక్రీఫ్ అధ్యక్షుడుగా భారత నీటిపారుదల సంఘం ఏర్పడి దేశమంతా విచారణ జరిపింది. బొంబాయి రాజధానిలో కాలవలు ఎందుకు గిట్టుబాటు కావటం లేదని సంఘంవారు అడిగిన ప్రశ్నకు జవాబుగా విశ్వేశ్వరయ్యగారు బ్లాకు పద్ధతిని ముందుకు తెచ్చారు. కాలవ క్రింద నీరు నిలవని మంచి భూములను ఏరి, ఊరూరా ముక్కలుగా విభజించాలి. ఆ ముక్కే బ్లాకు. నీరు ఆ బ్లాకులకే. ప్రతి బ్లాకులో సుమారు మూడోవంతుకు మించి చెరకు ఉండరాదు. మిగిలిన భాగంలో తక్కువ నీటి పైర్లు పెట్టాలి, ఏటేటా వరస మార్చాలి. బదులుగా కొన్నేళ్లపాటు నీరు తప్పక ఇస్తామని ప్రభుత్వం ముందుగానే మాట ఇస్తుంది. దానివల్ల నీరు కొద్ది ఊళ్లలో కుప్పపడక ఎక్కువ ఊళ్లకు వ్యాపిస్తుంది, పిల్లకాలవలలో ఇంకు తగ్గుతుంది, భూమి చవుడెక్కదు, రైతు నాలుగేళ్ల ముందుచూపుతో వ్యవసాయం చేసుకోవచ్చు, ప్రభుత్వానికీ రాబడి నికరంగా వస్తుంది. ఇదీ ఆయన లెక్క.

మేము ఈ లెక్కను ఎన్నివిధాల చూసినా ఇందులో తప్పు కనబడలేదు. చెరకును పూర్తిగా నిషేధిస్తే కాలవ ఖర్చు రాదు, రైతుకు రొక్కం రాదు. చెరకును పూర్తిగా వదిలిపెడితే చిన్నవాడికి నీరు రాదు. రెండింటి నడుమ మూడోవంతు దగ్గర గీత గీశారు. నీరు తక్కువైన చోట ఎవరో ఒకరు గీత గీయక తప్పదని ఒప్పుకునే ధైర్యం చాలమంది అధికారులకు ఉండదు.

మొదట రైతులు ఇష్టపడలేదు. తన పొలం బ్లాకులో పడని రైతు తనకు అన్యాయం జరిగిందన్నాడు. బ్లాకులో పడిన రైతు మూడోవంతే చెరకేమిటన్నాడు. వారసత్వపు పంపకాలతో భూములు గుంటలు గుంటలుగా విడిపోయిన సీమలో ఒకే ఆసామికి బ్లాకులో అరెకరం, బయట రెండెకరాలు ఉండేవి. బ్లాకు సరిహద్దు ఇంజనీరు గీసినది. పొలం సరిహద్దు తాతలు గీసినది. నచ్చజెప్పి నీరా కాలవ మీద పద్ధతిని అమలుపరిచారు. అది చాలకాలం నడిచింది, కొంత మేలూ చేసింది.

అయితే ఫడ్‌కూ బ్లాకుకూ ఉన్న ఒక తేడా ఇక్కడ చెప్పకుంటే ఈ వ్యాసం అసంపూర్ణం. ఫడ్‌లో నీరు కట్టే మనిషి రైతులవాడు, రైతుల గింజలు తినేవాడు. బ్లాకులో అతను సర్కారు కాలవ ఇనస్పెక్టరు. ఫడ్‌లో నియమం తప్పినవాడు తన ఊరివారి ముఖం చూడాలి. బ్లాకులో నియమం తప్పినవాడు జుల్మానా కడితే చాలు, లేదా కట్టకుండా తప్పించుకుంటే మరీ మంచిది. ఎక్కువ నీరు, ఎక్కువ ఊళ్లు, ఎక్కువ పొడుగు కాలవ అయినప్పుడు ఊరి కట్టుబాటు చాలదన్నది నిజమే. సర్కారు చేయి కావలసిందే. కాని ఆ మార్పులో పోగొట్టుకున్నది కూడా చిన్నది కాదు. 1932లో చక్కెర పరిశ్రమకు సుంకపు రక్షణ ఇచ్చిన తరువాత నీరా ప్రాంతంలోనూ, ఇతర దక్కన్ కాలవల మీదా చక్కెర మిల్లులు లేచినవి. చెరకుకు మిల్లు తోడైనాక మూడోవంతు గీత నిలవలేదు. నేడు బారామతి చెరకు సీమ అంటే తెలియనివారు లేరు. ఆ జిల్లాలోనే కాలవ అందని మెట్ట ఊళ్లకు వేసవిలో ట్యాంకర్లతో త్రాగునీరు తోలిన సంవత్సరాలూ ఉన్నవి.

బొంబాయి కొలువులో ఎంత సమర్థుడైనా భారతీయుడు ఆనాడు అత్యున్నత పదవి అందుకోలేడు. ఆ సంగతి గ్రహించి 1908లో విశ్వేశ్వరయ్యగారు తామే ఉద్యోగం వదులుకున్నారు. ఆ యేడు సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. నిజాం ప్రభుత్వం కోరగా 1909లో అక్కడికి వెళ్లి, వరద పట్టి నిలిపే రెండు జలాశయాలకు పథకం వేసి ఇచ్చారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన ఫలితాలే. ఇవి తెలుగువారందరికీ తెలిసినవే కనుక ఎక్కువ వ్రాయము. ఒడిశాలోని మన సోదరులు గుర్తుచేసుకోదగినది మరొకటి ఉన్నది. ఎనుబదికి దగ్గరపడుతున్న వయస్సులో ఆయన మహానది వరదలను పరిశీలించి, ఎగువన జలాశయాలు కట్టాలని సలహా ఇచ్చారు.

1909 చివర సొంత సంస్థానం పిలిచింది. చీఫ్ ఇంజనీరుగా మైసూరు వచ్చి, 1911లో కన్నంబాడి దగ్గర కావేరి మీద కృష్ణరాజసాగరం పని మొదలుపెట్టించారు. 1912 నవంబరులో దివాను అయినారు. ఆనకట్ట పూర్తి అయినది 1931 ప్రాంతంలో, ఆయన దివాను పదవి వదిలిన చాల ఏళ్లకు. మండ్య వైపు తీసిన కాలవకు మొదట ఇర్విన్ పేరు పెట్టారు. తరువాత అది విశ్వేశ్వరయ్య కాలవ అయినది. ఆ క్రింద లక్షా ఇరవై వేల ఎకరాలకు బ్లాకు పద్ధతినే తలపెట్టారు. ఒక మూడోవంతు వరి, ఒక మూడోవంతు చెరకు, మిగిలిన మూడోవంతు రాగి వంటి ఆరుతడి పైర్లు. మూడేళ్లకు వరస తిరగాలి. 1933లో మండ్యలో చక్కెర కంపెనీ వెలిసింది. రాగి తిని, రాగి పండించి బ్రతికిన సీమకు వరి అన్నమూ బెల్లపు రొక్కమూ వచ్చినవి. మండ్య రైతు ఇంట ఆయన పటం నేటికీ దేవుడి పటాల సరసన ఉంటుందంటే ఆశ్చర్యం లేదు. అయితే అక్కడ కూడా కాలక్రమాన రాగి వంతు జారిపోయినది. ఏడాదికేడాది వరీ చెరకే. కాలవ మొదట్లోనివారు మునిగేటంత పెట్టుకుంటారు, చివరివారు ఆకాశం చూస్తారు. పద్ధతి పేరు మాత్రం కాగితాలలో మిగిలింది.

మరి ఆయన చిన్ననాట చూసిన చెరువుల మాట ఏమిటి? మైసూరు సంస్థానంలో ఇరవై వేలకు పైగా చెరువులుండేవి. ఆయన చీఫ్ ఇంజనీరుగా ఉన్న కాలంలోనే, 1911లో, చెరువు పంచాయతీల శాసనం వచ్చింది. చెరువు బాగోగులు ఊరివారి సభకు అప్పగించాలన్నది దాని సారం. ఆలోచన మంచిదే, ఫలితం స్వల్పం. పూడిక తీసే బాధ్యత ఊరికి, శిస్తు వసూలు చేసే హక్కు సర్కారుకు అయినప్పుడు ఊరివారికి ఉత్సాహం ఎక్కడినుండి వస్తుంది? కృష్ణరాజసాగరానికి పెట్టిన శ్రద్ధలో కొంత భాగం చెరువులకు దక్కి ఉంటే కోలారు, చిక్కబళ్లాపురం సీమలకు మేలు జరిగి ఉండేదని మా అభిప్రాయం. కావేరి నీరు ఆ మెట్టసీమకు ఎక్కదు. అక్కడి రైతుకు చెరువే కావేరి. దూరదృష్టి గల మహనీయుని తూకంలో తన సొంత జిల్లా కాస్త తేలికగా తూగింది.

బావుల విషయంలో మాత్రం ఒక కొత్త గాలి వీచింది. మద్రాసు రాజధానిలో ఆయిల్ ఇంజన్లతో బావినీరు తోడించి చూసిన ఆల్ఫ్రెడ్ చాటర్టన్‌గారు 1912లో మైసూరు కొలువుకు వచ్చి, విశ్వేశ్వరయ్యగారి దివాన్‌గిరీలో పరిశ్రమల శాఖ నడిపారు. కపిలికీ ఇంజనుకూ తేడా ఆయనకు బాగా తెలుసు. ఇంజను కొన్ని గంటలలో నాలుగు కపిలుల పని చేస్తుంది. కాని బావిలో అంత ఊట ఉండాలి, తడపటానికి అంత భూమి ఉండాలి, ఇంజను కొనటానికి అప్పు పుట్టాలి. రెండెకరాల రైతు ఒంటరిగా కొంటే ఇంజను అతనిని కొంటుంది. నలుగురు కలిసి కొంటే వంతుల తగాదా. కపిలి మెల్లగా తోడుతుంది కనుక బావి తిరిగి ఊరటానికి వ్యవధి ఉంటుంది. ఇంజను ఆ వ్యవధి ఇవ్వదు. ఈ చివరి మాటలోని బరువు ఆనాడు ఎవరికీ తట్టలేదు. కరెంటు మోటార్లూ బోర్లూ వచ్చిన తరువాత తట్టింది. కోలారు సీమలో వేయి అడుగులు దాటి బోర్లు దిగినవి. తవ్వుడు బావులు, కపిలి దారులు, గిలక స్తంభాలు పిచ్చిమొక్కల నడుమ పడి ఉన్నవి. ఆ లోతు నీటిని ఇప్పుడు బిందుసేద్యపు గొట్టాలతో చుక్కచుక్కగా టొమాటోకూ ద్రాక్షకూ పెడుతున్నారు. ఎకరానికి పట్టే నీరు తగ్గింది, నిజమే. తగ్గిన నీటితో మరొక ఎకరం నాటినవారే ఎక్కువ. కనుక భూగర్భానికి మిగిలింది ఏమీ లేదు.

1918 డిసెంబరులో దివాను పదవి వదిలిన తరువాత కూడా విశ్వేశ్వరయ్యగారు నాలుగు దశాబ్దాలకు పైగా జీవించారు. భద్రావతి ఇనుప కార్ఖానాను నిలబెట్టారు, దేశానికి ఆర్థిక ప్రణాళిక కావాలని 1934లోనే పుస్తకం వ్రాశారు, 1955లో భారతరత్న అందుకున్నారు. 1962 ఏప్రిల్‌లో బెంగుళూరులో కన్ను మూశారు. అంత్యక్రియలు ముద్దేనహళ్లిలోనే జరిగినవి. పుట్టిన ఇల్లు నేడు స్మారక భవనం. నంది కొండకు పోయే యాత్రికులు అక్కడ ఆగి చూసివస్తుంటారు.

ఆ దారిన వెళ్లేవారు చెరువులు కూడా చూడాలి. 2018 నుండి బెంగుళూరు నగరపు మురుగునీటిని శుద్ధిచేసి గొట్టాల ద్వారా కోలారు చెరువులకు తోలుతున్నారు. అట్టిదే మరొక పథకం చిక్కబళ్లాపురం చెరువులకు వచ్చింది. ఏళ్ల తరబడి బీటలు వారి ఉన్న చెరువులలో నీరు నిలిచింది, మరవలు పారినవి. శుద్ధి చాలలేదని, మరొక దఫా శుద్ధి కావాలని ఊళ్లవారు అడుగుతూ వచ్చారు. ఈ నీటిని తూము తెరిచి పొలానికి పారించకూడదు, చెరువులో మోటారు పెట్టి తోడకూడదు. నేలలోకి ఇంకి బావులూ బోర్లూ ఊరటానికే అని నియమం. కనుక బోరు గలవాడి పొలంలో నీరు పైకి వస్తున్నది. బోరు లేని రెండెకరాల రైతు నిండు చెరువు కట్టమీద నడిచి వెళ్లి ఎండుచేను దున్నుకుంటున్నాడు. నీరుగంటి లేడు, ఉన్నా అతనికి తెరవటానికి తూము లేదు.